చిన్నబండి, పెద్ద కుటుంబము



గడచిన నెల మన సంఘ కార్యవర్గ సమావేశమున ఈ యేటి విహారయాత్రను గూర్చి చర్చ జరిగినది. చర్చ యనుటకంటె వాదు అనుట నిజము. పెద్దలు తిరుపతి యనిరి. యువకులు ఊటీ కొండరైలు అనిరి. మహిళా సభ్యులు ఇద్దరు, "ఎక్కడికైనను సరే, వంట మాత్రము మాచేత చేయింపకుడు" అనిరి. రెండు గంటలు గడచినవి, కాఫీ రెండు మారులు వచ్చినది, తీర్మానము మాత్రము రాలేదు. చివరకు, "ఊటీ రైలు చూచి వచ్చినవాడవు గదా, నీ అభిప్రాయము మన పత్రికలో వ్రాయుము, చదివి ఆలోచింతము" అని అధ్యక్షులవారు నా మీద భారము వైచిరి. నేను దినుసుల వ్యాపారము చేయువాడను. మెట్రిక్ తో చదువు ముగించినవాడను. పండితుడను కాను. కాని ఈ విషయమున నేను చేసిన తప్పొకటి కలదు గనుక, ఆ అనుభవముతో రెండు మాటలు వ్రాయుటకు అర్హత కలదనుకొందును.

మొదట ఆ తప్పు చెప్పెదను.

క్రిందటి వేసవిలో కుటుంబ సమేతముగా ఊటీకి పోవలెనని నిశ్చయించితిని. నిశ్చయించినది నేను. రైలు చీట్లకై నెలలకు ముందే ప్రయత్నించినది నేను. ఇంటిలోనివారిని అడిగితినా యన్నచో, అడిగినట్లే అడిగితిని. "ఊటీకి పోదమా?" అని అడుగలేదు, "ఊటీకి పోవుచున్నాము" అని చెప్పితిని. చిన్నతనమున మా తాతగారి వెంట చింతామణి నుండి చిక్కబళ్ళాపురమునకు చిన్నబండిలో పోయిన జ్ఞాపకము నాకు కలదు. కిటికీ కడ్డీ పట్టుకొని నిలుచుండగా ముఖమునకు కొట్టిన గాలి, మెల్లగా వెనుకకు జరుగు వేరుసెనగ చేలు, అవి నేటికిని కంటికి కనబడుచున్నవి. ఆ ముచ్చట మరల తీర్చుకొనవలెనన్నది నా కోరిక. నా కోరికకు కుటుంబ కోరిక యని పేరు పెట్టితిని. ఇంటి పెద్దలమైన మనము తరచు చేయు పనియే ఇది.

వ్యాను మాట్లాడుకొని ముందురోజు రాత్రికి మేట్టుపాళెయము చేరితిమి. ఘాటు రోడ్డు మలుపులలో మా యమ్మగారికి వాంతులైనవి. ఉదయము ఏడు గంటల ప్రాంతమున రైలు కదలినది. పదవ తరగతి చదువుచున్న మా అబ్బాయి ఆనందమునకు మేర లేదు. మన ఎరుకలో యంత్రము ముందుండి బండిని లాగును. అక్కడ యంత్రము వెనుక నుండి త్రోయును. రెండు పట్టాల నడుమ పండ్లు గల పట్టా యొకటి కలదు. యంత్రము క్రింది పండ్ల చక్రము దానిని పట్టుకొని మెట్టు మెట్టుగా బండిని పైకి చేర్చును. పండ్రెండు అడుగులు ముందుకు పోవునప్పటికి ఒక అడుగు పైకెక్కునంత నిటారు దారి యది. కల్లారు నుండి కూనూరు వరకు ఆ ఏర్పాటున్నది. వాడు ప్రతి నిలుపుదలలోను దిగి యంత్రము దగ్గరకు పరుగెత్తును, కూత వేయగానే నా గుండెలు దడదడలాడగా తిరిగి వచ్చును.

డిగ్రీ చదువుచున్న మా అమ్మాయికి ఒక గంటలోనే విసుగు పుట్టినది. ఇరుకైన బల్ల మీద ఐదు గంటలు కూర్చుండుట ఏమి విహారమని దాని ప్రశ్న. దానికి ఊటీలోని వృక్షశాల చూడవలెనని ఉండినది. అది 1848లో ఏర్పడిన తోట, దానియందలి చెట్లను గూర్చి చదివి వచ్చినది. మేము పైకి చేరి, భోజనము చేసి, బస వెదకుకొనునప్పటికి పొద్దు వాలినది. మరునాడు తిరుగు ప్రయాణము. తోటలో అరగంట నిలిచినదో లేదో, నేను గడియారము చూపించితిని. నా అర్ధాంగి ఏమియు అనలేదు. ఇంటికి వచ్చిన పిదప మాత్రము, "మూడు దినములు తిరిగితిమి, ఒక్క గుడి మెట్టయినను ఎక్కలేదు" అన్నది. ఆ మాట ఒక్కసారియే అన్నది. నేటికిని నా చెవులలో ఉన్నది.

ఇక మా యమ్మగారు. అంత బాధపడుచు ఎందుకు వచ్చితివమ్మా, ఇంటనే ఉండవచ్చును గదా యని ఆమెను తరువాత ఒకనాడు అడిగితిని. ఆమె పుట్టినిల్లు శ్రీనివాసపురము ప్రాంతము. "నాయనా, పెండ్లియైన మరునాడు నన్ను చిన్నబండిలోనే చింతామణికి తీసుకొని వచ్చినారు. ఆ కూత వినుచు ఏడ్చినాను. మరి యొక్కసారి ఆ కూత వినవలెననిపించినది" అన్నది. నలుబది యేండ్లు ఆమె బిడ్డనై పెరిగితిని, ఈ సంగతి నాకు తెలియదు. శ్రీనివాసపురము పట్టాలు మన ఇంటికి అర పూట దూరము. ఆమె వినదలచిన కూత ఆ పట్టాల మీదిది. దానికై నేను ఆమెను నీలగిరులకు తీసుకొనిపోయి వాంతులు చేయించితిని.

ఈ అనుభవము చెప్పుటలో నా ఉద్దేశము ఊటీ రైలును నిందించుట కాదు. అది నిజముగా చూడదగిన వస్తువు. 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు వేసిన దారి. 46 కిలోమీటర్లలో 16 సొరంగములు, 250 వంతెనలు కలవు. ఐక్యరాజ్య సమితి విద్యా సాంస్కృతిక సంస్థ 1999లో డార్జిలింగు రైలును ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. 2005లో నీలగిరి రైలును, 2008లో కాల్కా–సిమ్లా రైలును ఆ వరుసలో చేర్చినది. అట్టి గౌరవము ఊరక రాలేదు. నా ఉద్దేశ మేమనగా, చూడదగిన వస్తువైనంత మాత్రమున అది అందరికిని ఒకే విధముగా చూడదగినది కాదు.

పాత రైళ్ళు చూడముచ్చటలుగా మారుట యెట్లు జరిగినదో కొంచెము ఆలోచింపుడు. వానిలో పెక్కింటిని వేడుక కొరకు వేయలేదు. వేల్సు దేశమున టాలిథ్లిన్ అను సన్నని రైలు దారి కలదు. అది 1860ల దశకమున గనులలోని పలకరాళ్ళను మోయుటకు వేసినది. గని మూతపడినది, యజమాని 1950లో మరణించెను. ఆ దారి తుప్పు పట్టి పోవలసినదే. అప్పుడు కొందరు సామాన్యులు కూడి సంఘమై, 1951 నుండి తమ చేతులతోనే పట్టాలు సరిచేసి, తామే చీట్లు కోసి, తామే బండి నడిపిరి. స్వచ్ఛంద సేవకులు నిలబెట్టుకొన్న రైళ్ళలో ప్రపంచమున మొట్టమొదటిది అదియే. ఈ పని చేసినది ప్రభుత్వము కాదు, ధనికుడు కాదు, సంఘము. సంఘము నడుపుచున్న మనము ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

మన తెలుగు సీమలో అరకు రైలు కూడ ఇట్టిదే. కొత్తవలస–కిరండూలు దారిని 1960ల దశకమున వేసినది బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చి జపానుకు ఎగుమతి చేయుటకు. ఖనిజపు బండ్లు నేటికిని పోవుచున్నవి. 2017లో ఆ దారిలో అద్దాల కప్పు గల పెట్టెను తగిలించిరి. ఖనిజపు దారి కుటుంబముల విహారపు దారి అయినది. కాని గమనింపుడు: అరకు పోవువారిలో సొరంగములు లెక్కపెట్టు పిల్లలు కొందరు, బొర్రా గుహలు చూడ గోరువారు కొందరు, కాఫీ తోటలలో తిరుగువారు కొందరు, ఏమియు చేయక మంచులో కూర్చుండ గోరువారు కొందరు. అందరికిని ఏదో యొకటి దొరకుచున్నది. అందుచేతనే ఆ యాత్రకు అంత ఆదరణ.

ఇప్పుడు మన యింటి ముంగిటి సంగతికి వచ్చెదను.

మన పూర్వపు కోలారు జిల్లాలో రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్నపట్టాల దారి ఉండెడిది. 1913లో నాటి మైసూరు సంస్థానము బౌరింగుపేట నుండి కోలారునకు దానిని తెరచినది. ఆ బౌరింగుపేటయే నేటి బంగారుపేట. 1915 ప్రాంతమున బెంగుళూరు వైపు నుండి దేవనహళ్ళి మీదుగా చిక్కబళ్ళాపురమునకు మరియొక చిన్నబండి వచ్చినది. కోలారు నుండి శ్రీనివాసపురము, చింతామణి, శిడ్లఘట్టల మీదుగా వచ్చిన దారి చిక్కబళ్ళాపురమున దానితో కలిసినది. ఆ దినములలో, అనగా 1912 నుండి 1918 వరకు, సంస్థానమునకు దివానుగా ఉండినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారు జన్మించినది మన చిక్కబళ్ళాపురము దగ్గరి ముద్దేనహళ్ళి. వారి ఇంటిపేరే వారి పూర్వులు తెలుగు సీమ నుండి వచ్చినవారని చెప్పుచున్నది. మనవలెనే.

ఆ బండి ఎంత మెల్లగా నడచెడిదో పెద్దలు నవ్వుచు చెప్పుదురు. దిగి, అవసరము తీర్చుకొని, మరల ఎక్కవచ్చునని పరిహాసము. కాని ఆ మెల్లని బండియే మన వ్యాపారమును మోసినది. శిడ్లఘట్ట పట్టుగూళ్ళు, చింతామణి వేరుసెనగలు, బెల్లము, చింతపండు, కోళ్ళ గంపలు, పెండ్లివారు, బడి పిల్లలు, కోర్టు పక్షులు అందరును ఆ బండిలోనే. మా తాతగారు చింతపండు బస్తాలు ఎద్దుబండ్ల మీద బాగేపల్లి నుండి చిక్కబళ్ళాపురమునకు తోలించి అక్కడ రైలునకు ఎక్కించెడివారు. మన ఊరికి రైలు రాలేదు. కాని మన ఊరి సరుకు రైలెక్కినది.

1990ల దశకమున చిన్నపట్టాల కాలము తీరినది. బెంగుళూరు–చిక్కబళ్ళాపురము భాగము బ్రాడ్ గేజి యైనది. చిక్కబళ్ళాపురము–కోలారు భాగమున 2013లో పెద్దబండి తిరుగనారంభించినది. నేను దీనిని గూర్చి కన్నీరు కార్చుట లేదు. పెద్దబండి వచ్చినందువలన మన పిల్లలు బెంగుళూరు కళాశాలలకు పోయి రాగలుగుచున్నారు. చిన్నపట్టాలు మరల వేయుడని అడుగుట అవివేకము. దినుసుల వ్యాపారి ఎవడును రాతి తూకములు మరల తెండని అడుగడు. కాని తాతగారి రాతి తూకపు గుండును పారవేయడు, అటక మీద దాచుకొనును. అంతియే నేను చెప్పునది.

మన అదృష్టమున ఆ దారిలో కొన్ని పాత స్టేషను కట్టడములు నేటికిని నిలిచి యున్నవి. దొడ్డజాల, దేవనహళ్ళి, ఆవతిహళ్ళి, నంది హాల్టు మొదలగునవి. నూరేండ్లు దాటిన ఆ కట్టడములను ఇంటాక్ అను వారసత్వ సంస్థ బెంగుళూరు శాఖవారు నైరుతి రైల్వేతో కలిసి బాగుచేయుటకు పూనుకొనిరి. మెచ్చదగిన పని. ఆ దారి విద్యుదీకరణమైన పిదప 2023 డిసెంబరులో మెము బండ్లను చిక్కబళ్ళాపురము వరకు పొడిగించిరి. నంది కొండకు పోవువారు నంది హాల్టులో దిగుటకు దానివలన వీలు కలిగినది.

ఇక్కడ కొందరు సభ్యుల ఆక్షేపణకు సమాధానము చెప్పవలసి యున్నది. "మన బాగేపల్లికి అసలు రైలే లేదు. రైలు కావలెనని ఎన్నో యేండ్లుగా అడుగుచున్నాము. కూడు లేనివానికి పాత కుండల ముచ్చట యెందుకు?" అని ఒకరు సమావేశమున అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. రైలు అడుగుట మానుకొనుడని నేను చెప్పుట లేదు, ఆ అర్జీ మీద నా సంతకము కూడ ఉన్నది. కాని ఒక మాట. పుట్టినది మొదలు రైలెక్కని పిల్లలు మన ఊరిలో నేటికిని ఎందరో కలరు. జాతీయ రహదారి మన ఊరి ప్రక్కనే పోవుచుండగా బస్సులు, కార్లు తప్ప వారికి వేరొకటి తెలియదు. రైలెక్కి యెరుగని ఊరు రైలు కొరకు అడుగు గొంతులో బలమెట్లు వచ్చును? పాత స్టేషనును ప్రేమించుటయు, కొత్త స్టేషనును కోరుటయు ఒకే ముచ్చటకు రెండు ముఖములు.

మరియొక ఆక్షేపణ, "ఇవన్నియు డబ్బున్నవారి వేడుకలు" అని. దీనికి వ్యాపారిగా సమాధానము చెప్పెదను. వారసత్వపు రైలువలన దగ్గరి ఊళ్ళకు లాభము కలుగునా లేదా యనునది బండిని బట్టి కాదు, బండి దిగినవారు అచ్చట ఎంతసేపు నిలుతురను దానిని బట్టి యుండును. బండి చూచుటకు వచ్చిన యువకుడొకడు ఛాయాచిత్రము తీసుకొని, టీ త్రాగి పోవును. వానివలన ఊరికి వచ్చునది టీ వెల మాత్రమే. అదే ఒక కుటుంబము వచ్చినచో భోజనము చేయును, పిల్లలకు ఆటబొమ్మ కొనును, పండ్లు కొనును, గుడిలో కొబ్బరికాయ కొట్టును, ఆటో యెక్కును. కాని కుటుంబము ఎప్పుడు నిలుచును? అందులోని ప్రతివానికిని ఏదో యొకటి దొరకినప్పుడు. ఐదుగురున్న ఇంట ఒక్కనికి మాత్రమే నచ్చిన చోటు నుండి మిగిలిన నలుగురు ఆ ఒక్కనిని రెక్క పట్టి లాగుకొని పోవుదురు. నా అంగడిలో ఇది దినమును చూచుచున్నాను. భర్తకు బేరము కుదిరినను, చంకలోని బిడ్డ ఏడ్చినచో బేరము పోయినట్లే. అందుచేత పాత రైళ్ళను ఆకర్షణలుగా తీర్చు అధికారులకు నా విన్నపము ఒక్కటే: యంత్రమును చూచి ఏర్పాట్లు చేయకుడు, కుటుంబమును చూచి చేయుడు. ముసలివారికి నీడలో ఒక బల్ల, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి, పిల్లలకు చేతితో తాకి చూడదగిన చక్రమొకటి, అందరికిని మంచినీరు. ఇవి లేనిచోట గోడలకు ఎంత మంచి సున్నము కొట్టినను వచ్చినవారు మరల రారు.

ఆ దృష్టితో చూడగా, నంది హాల్టును మించిన చోటు మనకు దగ్గరలో లేదని నా అభిప్రాయము. ఆలోచింపుడు. స్టేషనులో దిగినవానికి చెట్ల నీడ, నూరేండ్ల కట్టడము. నడిచి పోదగినంత దూరములో భోగనందీశ్వరుని ఆలయము. రాతి కోనేరు, మండపములు, చల్లని ప్రాకారము కలవు. గుడి మెట్టు ఎక్కలేదని ఏ గృహిణియు చింతింప పని లేదు. పైన నంది కొండ, యోగనందీశ్వరుడు, కొండగాలి. కాళ్ళలో బలమున్న యువకులు అచటికి పోవచ్చును. కొద్దిమైళ్ళ దూరమున ముద్దేనహళ్ళి. అక్కడ విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఇల్లు, ప్రదర్శనశాల, 1962లో దివంగతులైన ఆ మహనీయుని సమాధి కలవు. చదువుకొను పిల్లలు చూచి తీరవలసినవి.

కనుక నేను సంఘము ముందుంచు ప్రతిపాదన ఇది. ఈ యేడు ఊటీయు వలదు, మూడు దినముల యాత్రయు వలదు. ఒక ఆదివారము ఉదయము బస్సులలో చిక్కబళ్ళాపురము చేరుదము. రైలు వేళలు ముందుగా విచారించుకొని, అక్కడ అందరమును రైలెక్కి తరువాతి స్టేషనైన నంది హాల్టులో దిగుదము. కొద్ది నిమిషముల ప్రయాణమే. అయినను రైలెక్కని పిల్లలకు అది చాలును. చీటికి ఖర్చు స్వల్పము, ఏ కుటుంబమును డబ్బు లేదని వెనుకబడ నక్కర లేదు. దిగిన పిదప అందరును అందరి వెంట తిరుగవలెనను నియమము పెట్టకుడు. గుడికి పోవువారు గుడికి, కొండకు పోవువారు కొండకు, ముద్దేనహళ్ళికి పోవువారు అటు. స్టేషను బల్ల మీదనే కూర్చుండి కబుర్లు చెప్పుకొనువారు అచ్చటనే. ప్రతి గుంపునకు ఒక పెద్ద బాధ్యుడు. మధ్యాహ్నము భోజనమునకు మాత్రము అందరును ఒక్కచోట చేరవలెను. చిత్రాన్నము, పెరుగన్నము వంటవానిచేత చేయింతము. మహిళా సభ్యుల షరతు కూడ దీనితో నెరవేరును.

"విడివిడిగా పోయినచో అది కుటుంబయాత్ర యెట్లగును?" అని పెద్దలు అడుగవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే అనుకొంటిని. ఊటీ రైలులో ఐదుగురము ఒకే బల్ల మీద మోకాళ్ళు తగులునట్లు కూర్చుంటిమి. మనసులు మాత్రము ఐదు దిక్కుల పోయినవి. ఒకని మాటకు నలుగురు తలయూపుట కలిసియుండుట కాదు. ఎవరికి నచ్చినది వారు చూచి వచ్చి, అన్నము ముందు కూర్చుండి, "నీవేమి చూచితివి? నేనిది చూచితిని" అని చెప్పుకొనుటలోనే కలిసియుండుట కలదు. ఉమ్మడి కుటుంబములను నడిపిన మన అవ్వలకు ఈ రహస్యము తెలియును. పది మందికి పది రుచులు తెలిసియు పొయ్యి యొక్కటిగా ఉంచినవారు వారు.

చివరి మాట యొకటి కలదు. ఇదియే నాకు అన్నిటికంటె ముఖ్యమైనది.

మనము ఈ నేలకు వచ్చినవారమా, ఈ నేలయే మన యింటికి వచ్చినదా యని చెప్పుట కష్టము. 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మనకు ఉత్తరమున పడినది. 2007లో చిక్కబళ్ళాపురము వేరు జిల్లా యైనది. గీతలు మారినను మన ఇండ్లలో తెలుగు మారలేదు. అంగడిలో కన్నడము, ఇంట తెలుగు. రెండును మనవే. స్టేషను బోర్డు మీద తెలుగు అక్షరములు వ్రాయుడని నేను అడుగబోను. అది జగడమునకు దారి, మన కన్నడ సోదరులతో మనకు జగడము లేదు. కాని ఆ చిన్నబండిలో పోయిన మన పెద్దల జ్ఞాపకములు తెలుగులో ఉన్నవి. ఏ స్టేషనులో ఏ సరుకు ఎక్కినది, ఏ గార్డు దయగలవాడు, ఏ మలుపులో బండి ఆగిపోగా జనము దిగి నడచిరి, ఏ పెండ్లికూతురు ఏ కూత విని ఏడ్చినది, ఇవి రైల్వే దస్తరములలో దొరకవు. ఇంటాక్ వారు గోడలు నిలుపగలరు. గోడల నడుమ వినబడిన మాటలను నిలుపవలసినవారము మనము. ఆ బండిలో పెద్దయై ప్రయాణము చేసినవారిలో పలువురు నేడు డెబ్బది దాటినవారు. మరి పదేండ్లకు అడుగుదమన్నచో అడుగుటకు ఎవరుందురు?

కావున యాత్రకు వచ్చు ప్రతి యువకుడును, యువతియు తమ ఇంటి పెద్ద నొకరిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చిన్నబండిని గూర్చి ఒక్క సంగతి యైనను అడిగి వ్రాసికొని రావలెను. చేతిలోని ఫోనులో గొంతు పట్టినను సరే. వాటిని మన పత్రికలో వారమునకు రెండు చొప్పున ప్రకటింతము. తరువాత కన్నడములోనికి కూడ మార్చి, రైల్వే అధికారులకు సమర్పించి, చింతామణి స్టేషనులోనో చిక్కబళ్ళాపురములోనో ఒక గోడ మీద పాత ఛాయాచిత్రములతో పాటు ఉంచవలసినదని మన కన్నడ సోదరులతో కలిసి కోరుదము. కాదన్నను నష్టము లేదు. మన పత్రిక దొంతరలో అవి నిలిచియుండును.

నా వంతు పని నేను ఆరంభించితిని. మా యమ్మగారి పెండ్లి ప్రయాణపు కథ నాలుగు పుటలు వ్రాసికొంటిని. ఆమె చెప్పుచుండగా మా అమ్మాయి వ్రాసినది. ఊటీలో విసిగిన అమ్మాయియే. "నాయనా, ఇది రైలులో కూర్చుండుటకంటె బాగున్నది" అన్నది. ఒక్కొక్కరి అభిరుచి ఒక్కొక్కటి యని మరల ఒకమారు తెలిసికొంటిని.

వచ్చే ఆదివారము సాయంకాలము సంఘ సమావేశము కలదు. నా ప్రతిపాదన నచ్చినవారు వచ్చి బలపరుపుడు. నచ్చనివారు తప్పక రండు. కాని వచ్చుటకు ముందు ఒక్క పని చేయుడు. ఇంటిలోని ప్రతి యొకరిని, ముసలివారిని, పసివారిని కూడ, "నీవేమి చూడగోరుదువు?" అని అడిగి రండు. అడిగిన పిదప వారి సమాధానము వినునంతసేపు మౌనముగా ఉండుడు. నేను చేయని పని అదియే.